లియో ఫెండర్

లియో ఫెండర్‌గా ప్రసిద్ధుడైన క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ (ఆగష్టు 10, 1909 - మార్చి 21, 1991) అమెరికాకు చెందిన వాద్య పరికరాల రూపకర్త, పారిశ్రామికవేత్త. టెలీకాస్టర్, స్ట్రాటోకాస్టర్ అనే విద్యుత్ గిటార్లను, ప్రిసిషన్ బాస్ అనే విద్యుత్ బాస్ గిటారును, అనేక యాంప్లిఫయర్లను ఇతడు రూపొందించాడు. బోలుగా లేని గట్టి చెక్క బాడీతో విద్యుత్ గిటారును మొదట తయారుచేసినవాడు ఇతడు కాడు. అయితే అటువంటి గిటారును పెద్ద సంఖ్యలో తయారుచేసి, వ్యాపారపరంగా విజయం సాధించిన మొదటి వ్యక్తి ఇతడే. విశేషమేమంటే లియోకు గిటారు వాయించడం రాదు.

1965లో లియో తన సంస్థను అమ్మివేశాడు. ఆ తరువాత అదే పేరుతో వెలువడిన గిటార్ల నాణ్యతపై తీవ్రమైన విమర్శలు వచ్చాయి. పాత గిటార్ల నిర్మాణం మేలైనదా, కొత్తవాటిదా అనే చర్చ అప్పటి నుండి వాద్యకారుల మధ్య సాగుతూనే ఉంది. పాతవాటిని సమర్థించేవారు లియో కాలపు గిటార్లనే ప్రమాణంగా చూపుతారు. లియో మాత్రం జీవితాంతం తన పాత నమూనాలను సవరిస్తూనే వచ్చాడు.

బాల్యం, విద్యాభ్యాసం

లియో కాలిఫోర్నియా రాష్ట్రంలో అనహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల నడుమ జన్మించాడు. తల్లిదండ్రులు అక్కడ నారింజ తోట సాగుచేసే రైతులు. ఎనిమిదేళ్ళ వయసులో కణితి కారణంగా ఇతని ఎడమ కన్నును తొలగించవలసి వచ్చింది. నాటి నుండి గాజు కన్నుతోనే జీవించాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక సేవ నుండి ఇతనికి మినహాయింపు లభించడానికి ఇదే కారణం.

శాంటా మరియా పట్టణంలో కార్ల విద్యుత్ పరికరాల దుకాణం నడిపే దగ్గరి బంధువు ఒకరు 1922లో లియోకు ఒక పెట్టె నిండా పాత రేడియో విడిభాగాలు పంపాడు. తరువాత ఆ దుకాణానికి వెళ్ళినపుడు, ఆ బంధువు స్వయంగా తయారుచేసిన రేడియో నుండి వెలువడిన పెద్ద ధ్వని లియోను ఎంతగానో ఆకర్షించింది. ఇంటికి తిరిగివచ్చి ఇరుగుపొరుగువారి రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టాడు. బాల్యంలో కొంతకాలం పియానో, శాక్సాఫోన్ నేర్చుకున్నాడు గాని వాద్యకారుడు కాలేదు.

1928లో ఉన్నత పాఠశాల చదువు ముగించుకొని ఫుల్లర్టన్ జూనియర్ కళాశాలలో గణకశాస్త్రం చదివాడు. ఎలక్ట్రానిక్స్‌లో ఇతనికి కళాశాల విద్య లేదు. తెలుసుకున్నదంతా స్వయంకృషితో తెలుసుకున్నదే. చదువు పూర్తయిన తరువాత మంచుగడ్డల సంస్థలోను, రాష్ట్ర రహదారుల శాఖలోను, టైర్ల సంస్థలోను లెక్కల పనులు చేశాడు. 1934లో ఎస్తర్ క్లాస్కీని వివాహమాడాడు.

రేడియో దుకాణం

ఆర్థిక మాంద్యం వలన ఉద్యోగం పోవడంతో లియో 1938లో 600 డాలర్లు అప్పుచేసి ఫుల్లర్టన్‌లో ఫెండర్ రేడియో సర్వీస్ అనే దుకాణం తెరిచాడు. రేడియోలు, గ్రామఫోన్లు బాగుచేయడంతో పాటు సభలకు మైకు సెట్లు సమకూర్చేవాడు. స్థానిక వాద్యబృందాలవారు పాడైన యాంప్లిఫయర్లను, గిటార్ల పికప్‌లను మరమ్మతుకు తెచ్చేవారు. ఏ భాగం ఎక్కడ తెగుతుంది, ఏ అతుకు ముందుగా ఊడుతుంది, విప్పడానికి వీలులేక ఏది వృథా అవుతుంది అన్నవి ఈ మరమ్మతుల ద్వారానే లియోకు తెలిశాయి. తరువాతి కాలంలో ఇతడు రూపొందించిన వాద్యాలన్నిటిలోను సులభంగా విప్పి బాగుచేసుకునే వీలుండడానికి ఈ అనుభవమే మూలం.

గిటారు తయారీలో అనుభవమున్న డాక్ కాఫ్‌మన్‌తో కలిసి 1945లో లియో కె అండ్ ఎఫ్ అనే సంస్థను ప్రారంభించాడు. ఒడిలో పెట్టుకొని వాయించే హవాయి పద్ధతి స్టీల్ గిటార్లను, వాటికి అవసరమైన యాంప్లిఫయర్లను వారు తయారుచేసేవారు. 1946లో కాఫ్‌మన్ వైదొలగాడు. లియో ఒంటరిగా కొనసాగించిన సంస్థ 1947 నాటికి ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీగా మారింది. 1948లో చేరిన జార్జ్ ఫుల్లర్టన్ ఇతనికి జీవితాంతం సహచరుడయ్యాడు.

గట్టి చెక్క గిటారు

అప్పటి విద్యుత్ గిటార్లలో ఎక్కువ భాగం బోలు బాడీ గలవే. యాంప్లిఫయర్ శబ్దాన్ని పెంచినపుడు ఆ ధ్వనికి బోలు బాడీ తిరిగి కంపించి, ఊళ వంటి శబ్దం పుట్టేది. గట్టి చెక్క బాడీ వాడితే ఈ ఇబ్బంది చాలా వరకు తొలగుతుంది. రికెన్‌బేకర్ సంస్థ 1930వ దశకంలోనే అల్యూమినియంతో ఇటువంటి స్టీల్ గిటారును తయారుచేసింది. పాల్ బిగ్స్‌బీ 1948లో గాయకుడు మెర్ల్ ట్రావిస్ కోసం ఒక గట్టి చెక్క గిటారు చేశాడు. అయితే అవి కర్మాగారంలో పెద్ద సంఖ్యలో తయారయ్యే గిటార్లకు దారితీయలేదు.

1950లో లియో ఎస్క్వైర్ అనే గిటారును, అదే సంవత్సరం చివరలో రెండు పికప్‌లు గల బ్రాడ్‌కాస్టర్‌ను విడుదల చేశాడు. ఆ పేరును పోలిన పేరుతో తాము డ్రమ్ములు అమ్ముతున్నామని గ్రెట్ష్ సంస్థ అభ్యంతరం తెలపడంతో 1951లో బ్రాడ్‌కాస్టర్ పేరును టెలీకాస్టర్‌గా మార్చాడు. పేరు మారే లోపల కొన్ని నెలల పాటు గిటార్ల మీద ఫెండర్ అన్న ముద్ర మాత్రమే ఉండేది. నేడు సేకర్తలు ఎక్కువగా అన్వేషించే గిటార్లలో ఇవి ఉన్నాయి. 1951లోనే విడుదలైన ప్రిసిషన్ బాస్ వలన, నిలబెట్టి వాయించే భారీ బాస్ వాద్యానికి బదులుగా భుజాన వేలాడదీసుకునే గిటారు వాడుకలోకి వచ్చింది. దానికి మెట్లు ఉండడం వలన స్వరస్థానం తప్పదు. ఆ పేరు రావడానికి కారణం ఇదే.

తయారీ విధానం

సంప్రదాయ గిటారులో మెడను బాడీకి జిగురుతో అతికిస్తారు. 1952లో గిబ్సన్ సంస్థ విడుదల చేసిన లెస్ పాల్ గిటారులోనూ ఇదే పద్ధతి పాటించారు. లియో మాత్రం మెడను బాడీలో తొలిచిన గాడిలో ఉంచి, వెనుక నుండి నాలుగు స్క్రూలతో బిగించాడు. మెడను ఒకే మేపుల్ చెక్కతో చేసి, మెట్లను నేరుగా దానిలోనే దిగగొట్టాడు. మెడ వంగినా, మెట్లు అరిగినా స్క్రూలు విప్పి కొత్త మెడ బిగిస్తే సరిపోతుంది. బాడీని యాష్ చెక్క నుండి అచ్చుపలకల ఆధారంగా యంత్రంతో కోసేవారు. 1956 నుండి అనేక నమూనాలలో ఆల్డర్ చెక్క వాడారు. రంగులకు కార్ల పరిశ్రమ వాడే లాకర్లనే తెచ్చుకున్నారు.

1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ ఈ విధానానికి పరాకాష్ఠ. దీని రూపకల్పనలో ఫ్రెడ్డీ టవారెస్ ముఖ్య పాత్ర వహించాడు. శరీరానికి ఒరుసుకోకుండా బాడీ అంచులను నునుపుగా చెక్కారు. మూడు పికప్‌లు, స్విచ్, వైర్లు దాదాపు అన్నీ ఒకే ప్లాస్టిక్ పలకకు బిగించి ఉంటాయి. ఆ పలక స్క్రూలు విప్పితే లోపలి విద్యుత్ భాగమంతా ఒక్కసారిగా బయటకు వస్తుంది. కంపన లివరుతో కలిపి దీని ధర 249.50 డాలర్లు.

విడిభాగాలు మార్చుకునే ఈ సౌలభ్యానికి మంచి ఉదాహరణ ఎరిక్ క్లాప్టన్ గిటారు. ఇతడు 1970లో నాష్‌విల్‌లో పాత స్ట్రాటోకాస్టర్లు కొని, వాటిలో మూడింటి నుండి మేలైన భాగాలు ఎంపికచేసి ఒకే గిటారుగా కూర్చాడు. బ్లాకీ అని పేరుపొందిన ఆ గిటారు 2004లో వేలంలో 9,59,500 డాలర్లకు అమ్ముడుపోయింది. పాత గిటార్లన్నీ సమాన నాణ్యత గలవి కావని కూడా ఈ ఎంపిక తెలుపుతుంది.

సంస్థ విక్రయం

1950వ దశకం మధ్యలో లియోకు సోకిన సైనస్ వ్యాధి ఏళ్ళ తరబడి తగ్గలేదు. తనకు ఆయుర్దాయం ఎక్కువగా లేదని భావించి వ్యాపారాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. 1965 జనవరిలో ప్రసార సంస్థ సి.బి.ఎస్. 1.3 కోట్ల డాలర్లకు ఫెండర్ సంస్థను కొనుగోలు చేసింది. లియో కొంతకాలం సలహాదారుగా కొనసాగడానికి, పదేళ్ళ పాటు పోటీ వ్యాపారం చేయకుండా ఉండడానికి అంగీకరించాడు. తరువాత వేరొక వైద్యుని చికిత్సతో వ్యాధి పూర్తిగా నయమయింది. అప్పటికి సంస్థతో పాటు తన ఇంటిపేరుతో గిటార్లు చేసే హక్కు కూడా చేజారిపోయింది.

సి.బి.ఎస్. కాలంలో నాణ్యత

కొత్త యాజమాన్యం ఉత్పత్తిని బాగా పెంచింది. మార్పులు క్రమంగా వచ్చాయి. 1966 నాటికి స్ట్రాటోకాస్టర్ తల భాగం పెద్దదయింది. 1968 నుండి పలుచని లాకరు స్థానంలో మందమైన పాలియెస్టర్ పూత వచ్చింది. 1970వ దశకం ప్రారంభంలో స్ట్రాటోకాస్టర్ మెడకు నాలుగు స్క్రూలకు బదులు మూడే వాడసాగారు. ఉక్కుతో చేసిన బ్రిడ్జి భాగాల స్థానంలో పోతపోసిన లోహ భాగాలు వచ్చాయి. ఆ దశకంలో తయారైన అనేక గిటార్లు బరువుగా ఉండేవి.

వీటిలో ఎక్కువగా నిందకు గురైనది మూడు స్క్రూల అమరిక. మెడ పక్కకు కదులుతున్నదని వాద్యకారులు ఫిర్యాదు చేసేవారు. నిజానికి మెడను విప్పకుండానే దాని వాలును సవరించుకొనే ఈ అమరికను రూపొందించినది లియోయే. తరువాత తన సొంత సంస్థలోనూ దానినే వాడాడు. అక్కడ అటువంటి అపకీర్తి రాలేదు. లోపం ప్రధానంగా స్క్రూల సంఖ్యలో కాక గాడిని కోసిన తీరులో ఉంది. మెడ కంటే గాడి వెడల్పైతే ఎన్ని స్క్రూలు బిగించినా పట్టు సడలుతుంది. ఉత్పత్తి వేగం పెరిగి కొలతలపై శ్రద్ధ తగ్గినపుడు మంచి రూపకల్పన కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుందనడానికి ఇది నిదర్శనం.

అయితే ఆ కాలపు గిటార్లన్నీ నాసిరకమైనవని చెప్పడం సరికాదు. జిమీ హెండ్రిక్స్ 1969లో వుడ్‌స్టాక్ ఉత్సవంలో వాయించినది 1968 నాటి స్ట్రాటోకాస్టర్. పింక్ ఫ్లాయిడ్ బృందానికి చెందిన డేవిడ్ గిల్మర్ వాడిన 1969 నాటి నల్ల స్ట్రాటోకాస్టర్ 2019లో 39.75 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. ఈ రెండూ లియో సంస్థను అమ్మిన తరువాత తయారైనవే.

మ్యూజిక్ మాన్, జి అండ్ ఎల్

పాత సహోద్యోగులు ప్రారంభించిన మ్యూజిక్ మాన్ సంస్థకు, పోటీ నిషేధపు గడువు ముగిసిన 1975లో లియో అధ్యక్షుడయ్యాడు. 1976లో వచ్చిన స్టింగ్‌రే బాస్ ఆ సంస్థ ఉత్పత్తులలో ప్రసిద్ధమైనది. బ్యాటరీతో పనిచేసే చిన్న యాంప్లిఫయర్‌ను ఇందులో గిటారు లోపలనే అమర్చారు. భాగస్వాములతో విభేదాలు రావడంతో లియో 1979లో జార్జ్ ఫుల్లర్టన్, డేల్ హయట్‌లతో కలిసి జి అండ్ ఎల్ సంస్థను స్థాపించాడు. జార్జ్, లియో అన్న పేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. ఫెండర్ అన్న పేరు వాడుకొనే వీలు లేకపోయినా, ఆ కర్మాగారం ఉన్న వీధికి మాత్రం ఫెండర్ అవెన్యూ అని పేరుండడం విశేషం.

ఇక్కడ లియో తన పాత గిటార్లలోని లోపాలను ఒక్కొక్కటిగా సవరించాడు. సిరామిక్ అయస్కాంతంతో, ఒక్కో తీగకు ఎత్తు సవరించుకొనే ఇనుప మొనలతో కొత్త పికప్‌లు చేశాడు. ఆరు స్క్రూలపై ఊగే పాత కంపన బ్రిడ్జికి బదులు రెండు మొనలపై ఊగే బ్రిడ్జిని రూపొందించాడు. బ్రిడ్జి మీద తీగల ఆధారాలు పక్కకు జరగకుండా బిగించే ఏర్పాటు చేశాడు. 1985లో తన తొలి గిటారును పోలిన నమూనాకు బ్రాడ్‌కాస్టర్ అని మళ్ళీ పేరుపెట్టగా, ఈసారి ఫెండర్ సంస్థ నుండి అభ్యంతరం వచ్చింది. 1986లో ఆ పేరును అసాట్‌గా మార్చవలసి వచ్చింది. ఆ విధంగా ఒకే పేరును లియో రెండుసార్లు కోల్పోయాడు.

వాద్యకారులు అప్పటికే 1950వ దశకపు ఫెండర్ గిటార్ల కోసం పాత సామాను దుకాణాలు వెదకుతున్నారు. లియో మాత్రం జి అండ్ ఎల్ వాద్యాలే తాను చేసినవాటిలో ఉత్తమమైనవని భావించేవాడు. వ్యాపారంలో ఇతనికి అసలు పోటీ తాను యౌవనంలో చేసిన గిటార్లతోనే ఏర్పడింది.

పాత, కొత్త గిటార్ల నిర్మాణం - పోలిక

ఫెండర్ సంస్థ 1982లో తన పాత నమూనాలను అనుకరిస్తూ 1952 నాటి టెలీకాస్టర్, 1957, 1962 నాటి స్ట్రాటోకాస్టర్లను పునర్నిర్మించింది. జపాన్‌లోనూ అదే సంవత్సరం తయారీ మొదలైంది. 1985లో బిల్ షుల్ట్స్ నాయకత్వంలోని బృందం 1.25 కోట్ల డాలర్లకు సంస్థను సి.బి.ఎస్. నుండి కొని, కాలిఫోర్నియాలోని కరోనా పట్టణంలో కొత్త కర్మాగారం ప్రారంభించింది. ఆ తరువాతి గిటార్లకు, లియో కాలపు గిటార్లకు గల ముఖ్య భేదాలు ఇవి:

- కొలతలు: పాత గిటార్ల బాడీని అచ్చుపలకతో కోసి, మెడను చేతితో అరగదీసి రూపమిచ్చేవారు. అందువలన ఒకే సంవత్సరంలో చేసిన రెండు మెడలు కూడా చేతికి వేరువేరుగా తోచవచ్చు. నేడు కంప్యూటర్ నియంత్రిత యంత్రాలు కోస్తాయి కనుక తక్కువ ధర గిటార్లలో కూడా మెడ, గాడి చక్కగా అమరుతాయి.

- మెడ: 1950లో వచ్చిన మొదటి ఎస్క్వైర్ గిటార్లలో మెడను నిటారుగా ఉంచే ఉక్కు కడ్డీ లేదు. తరువాత చేర్చిన కడ్డీని సవరించాలంటే మెడను విప్పవలసి వచ్చేది. నేటి గిటార్లలో చాలావాటికి తల వైపు నుండే సవరించవచ్చు.

- మెట్ల పలక: పాతవాటిలో మెట్ల పలక పైభాగం 7.25 అంగుళాల వ్యాసార్ధంతో వంగి ఉంటుంది. తీగలను తక్కువ ఎత్తులో ఉంచి, పై స్వరాల వద్ద తీగను పక్కకు లాగితే ధ్వని ఆగిపోతుంది. నేటి నమూనాలలో 9.5 అంగుళాలు సాధారణం. ఈ ఇబ్బంది వాటిలో తక్కువ.

- పికప్‌లు: చేతితో నడిపిస్తూ తీగ చుట్టడం వలన పాత పికప్‌లలో చుట్ల సంఖ్య ఒకేలా ఉండేది కాదు. కొన్నింటి ధ్వని అద్భుతంగా ఉండడానికి, మరికొన్నింటిది పేలవంగా ఉండడానికి ఇదొక కారణం. నేడు యంత్రాలు లెక్క తప్పకుండా చుడతాయి.

- పూత: నైట్రోసెల్యులోజ్ లాకరు పలుచనిది, కాలక్రమేణా పగిలి రాలుతుంది. పాలియెస్టర్, పాలియురెథేన్ పూతలు ఎక్కువ కాలం మన్నుతాయి. పాత పూత వలన చెక్క మెరుగ్గా కంపిస్తుందని కొందరి నమ్మకం. దీనిపై ఏకాభిప్రాయం లేదు.

- ప్లాస్టిక్, లోహ భాగాలు: తొలి స్ట్రాటోకాస్టర్ల పికప్ మూతల ప్లాస్టిక్ పెళుసుగా ఉండి అంచులు విరిగేవి. సెల్యులాయిడ్ పలకలు కాలక్రమేణా కుంచించుకుపోయేవి. ఈ విషయంలో కొత్తవే మేలు. ఉక్కు బ్రిడ్జి భాగాల విషయంలో మాత్రం 1970వ దశకపు పోత భాగాల కంటే పాతవే మేలని ఎక్కువమంది అంగీకరిస్తారు.

- చెక్క: ఈ విషయంలో పాతకాలానికి నిజమైన సౌలభ్యం ఉంది. పాత మెట్ల పలకలకు వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారం 1992లో అంతర్జాతీయ ఒప్పందం ద్వారా దాదాపు నిషిద్ధమైంది. యాష్ చెట్లను కీటకాలు నాశనం చేయడం, వరదల వలన కలప దొరకకపోవడం కారణంగా 2020లో ఫెండర్ సంస్థ సాధారణ నమూనాలలో ఆ చెక్క వాడకాన్ని తగ్గించింది.

ఈ పోలికలో గుర్తించవలసిన మరొక విషయం ఉంది. నాసిగా తయారైన పాత గిటార్లు చాలావరకు పాడైపోయాయి లేదా విడిభాగాలుగా మారాయి. వాద్యకారులు ప్రేమతో కాపాడుకున్నవే ఎక్కువగా మిగిలాయి. కాబట్టి నేడు కనిపించే పాత గిటార్లను చూసి ఆనాటి ఉత్పత్తి అంతా అదే స్థాయిలో ఉండేదని నిర్ణయించలేము. పాత గిటార్ల ధరలో అరుదుదనానికి, చరిత్రకు చెల్లించే భాగం కూడా ఉంటుంది. అది నిర్మాణ నాణ్యతకు కొలమానం కాదు.

చివరి దశ

1979లో భార్య ఎస్తర్ మరణించింది. 1980లో లియో ఫిలిస్‌ను వివాహమాడాడు. పార్కిన్‌సన్ వ్యాధి బాధిస్తున్నా ప్రతిదినం జి అండ్ ఎల్ కర్మాగారంలోని తన పనిబల్ల వద్దకు వెళ్ళేవాడు. 1991 మార్చి 21న ఫుల్లర్టన్‌లో మరణించాడు. శాంటా అనాలోని ఫెయిర్‌హేవెన్ శ్మశానవాటికలో సమాధి చేశారు. అదే సంవత్సరం జి అండ్ ఎల్ సంస్థను బి.బి.ఇ. సౌండ్ సంస్థకు అమ్మివేశారు.

గుర్తింపు

- 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది.
- 2009లో మరణానంతరం సాంకేతిక గ్రామీ పురస్కారం ప్రకటించారు.
- ఫుల్లర్టన్ పట్టణంలోని ప్రదర్శనశాలలో లియో జీవితానికి, వాద్యాలకు ప్రత్యేక విభాగం ఏర్పాటు చేశారు.